గుజ్జు అరిగిన మోకాలు

బత్తలపల్లె మట్టి కోర్టులో ఇఫ్రా పడి లేచినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఆమె మోకాట్లో టక్కుమన్న చప్పుడు మాత్రం వాళ్లెవరికీ వినిపించలేదు. అవతలి జట్టు పిల్ల చీలమండ పట్టుకుని గుంజితే ఒళ్లొకవైపు, కాలొకవైపు తిరిగింది. అయినా చేయి చాపి గీత తాకింది. జట్టు గెలిచింది. కోచ్ ఎర్రిస్వామి కుంటుకుంటూ వచ్చి, మోకాలికి పట్టీ చుట్టి, "బెణికిండాది, అంతే. ఇంటికి పోయి రొంత పడుకో. గుంతకల్లు సెలెక్షన్ లోపల సర్దుకుంటాది" అని ఆమె సొంతూరు యాడికికి పోయే బస్సెక్కించాడు. గుంతకల్లులో రైల్వే ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఎంపిక. అందులో నెగ్గితే ఉద్యోగం. ఇఫ్రా బతుకులో ఇన్నేళ్ల చెమట ఆ ఒక్క పొద్దు కోసమే.

మోకాలు సర్దుకోలేదు. వాపు దిగింది గానీ కాలి మీద నమ్మకం రాలేదు. గడప దాటబోతే మోకాలు తనది కానట్టు పక్కకు జారుతోంది. చిన్ననాటి నేస్తం కృపాకుమారి ఊరుకోలేదు. బలవంతాన స్కానింగ్ తీయించింది. రేపు సెలెక్షన్ అనగా, ఇంట్లో చెప్పకుండా, ఇద్దరూ అనంతపురంలో ఎముకల డాక్టరు పుష్పావతి ముందు కూర్చున్నారు.

డాక్టరు మాట తక్కువ మనిషి. ఫిల్మును వెలుతురు పెట్టె మీద ఆనించి చాలాసేపు చూసింది.

"ఎప్పుడు పడ్డావు?"

"పోయిన వారం మేడం. బత్తలపల్లెలో."

"అది కాదు. దానికి ముందు."

ఇఫ్రా ఆలోచించింది. "ముందంటే... ధర్మవరం టోర్నమెంట్లో ఒకసారి పడినా. అది రెండేండ్ల మాట. బెణికిందని మా సార్ పట్టీ వేసినాడు."

"బెణకలేదమ్మా. ఎముకను ఎముకకు కట్టేసే తాడు లాంటిది ఒకటి లోపల ఉంటుంది, లిగమెంట్ అంటాం. నీకది అప్పుడే తెగిపోయింది. పోయిన వారం తెగినదైతే ఇట్లా కనపడదు. కొనలు ముడుచుకుపోయి, ఎండిపోయి ఉన్నాయి." డాక్టరు వేలు ఫిల్ము మీద ఒక నల్లటి చోట ఆగింది. "కట్టు లేని మోకాలితో రెండేళ్లు కబడ్డీ ఆడావు నువ్వు."

ఇఫ్రా ఆ నల్లటి చోటునే చూసింది. కృప ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఇద్దరూ ఆ మంచం మీద కూర్చోండి" అంది డాక్టరు. కృప వంక చూసి, "నువ్వేం ఆడతావు?" అని అడిగింది.

"ఆడను మేడం. పరిగెత్తుతా. పొద్దున్నే, గార్మెంట్స్ బస్సు వచ్చేలోపల. చిన్నప్పట్నించి అలవాటు."

డాక్టరు ఇఫ్రా అరచేతిని తీసుకుని కృప మోకాటి చిప్ప మీద పెట్టింది. కృపను కాలు ముడిచి చాపమంది. ఇఫ్రా చేతి కింద ఏ అలికిడీ లేదు. నూనె పోసిన ఇరుసులా కీలు మెత్తగా తిరిగింది.

"ఇప్పుడు నీది చూసుకో."

ఇఫ్రా తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కాలు ముడిచింది. గరగరమంది. చాపింది. జల్లెడలో గరుసు కదిలినట్టు మళ్లీ గరగర. నొప్పి ఆమెకు కొత్త కాదు. నొప్పితో నిద్రపోవడం, నొప్పితో లేవడం ఆమెకు వచ్చు. కానీ తన ఒంట్లోంచి తన అరచేతికి తెలిసిన ఆ గరగర ఆమెను ఎప్పుడూ లేనంత భయపెట్టింది. చెయ్యి తీసేసుకుంది.

"గుజ్జు అరిగిపోయిందంటారే, అది ఇదే" అంది డాక్టరు.

"పరిగెత్తితే కదా మేడం గుజ్జు అరిగేది?" అంది ఇఫ్రా. "ఊర్లో అందరూ అదే అంటారు. పరుగు మానేయ్, మోకాళ్లు పోతాయని దీనికి నేనే ఎన్నిసార్లు చెప్పినానో."

"అందరూ అట్లే అనుకుంటారు. గుజ్జుకు రక్తం అందదమ్మా. కీలు లోపలి నీరే దానికి తిండి. స్పాంజిని ఒత్తితే నీరు బయటికి పోతుంది, వదిలితే పీల్చుకుంటుంది కదా, గుజ్జు కూడా అట్లాగే తింటుంది. అడుగు పడితే ఒత్తుకుంటుంది, లేస్తే వదులవుతుంది. ఒకే దిక్కుకు, ఒంటికి తగ్గట్టు పరిగెత్తేవాళ్లకు గుజ్జు మామూలుగా బాగానే ఉంటుంది. సైకిల్ తొక్కేవాళ్లకు ఇంకా సులువు. నా దగ్గరికి మోకాళ్లు పట్టుకుని వచ్చేది ఎక్కువగా ఫుట్‌బాల్ వాళ్లు, కుస్తీ వాళ్లు, మీ కబడ్డీ వాళ్లు. పాదం నేలకు నాటుకుని ఉండగా ఒళ్లు గిర్రున తిరిగే ఆటలు అవి. బరువులెత్తే పిల్లలు కూడా వస్తారు. అట్లని ఆ ఆటలాడిన ప్రతి ఒక్కరూ కుంటివాళ్లు కారు. దెబ్బ తగిలినాక ఆపేసి, బాగుచేయించుకుని ఆడేవాళ్లు ఉన్నారు. నిన్ను మాత్రం ఆపనియ్యలేదు. కట్టు తెగిన ఎముకలు అటూ ఇటూ జారుతూ మధ్యలో గుజ్జును తిరగట్లో వేసి విసిరినట్టు అరగదీశాయి."

ఇఫ్రా కృప మోకాలి వైపు చూసింది.

"చిన్నప్పుడు నేనూ దీని మాదిరే పరిగెత్తేదాన్ని. పరుగులోనే ఉండుంటే మేడం?"

డాక్టరు తల అడ్డంగా ఊపింది. "అట్లాంటిది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ మోకాలికి ఈ గతి పట్టేది కాదనే నా నమ్మకం." తర్వాత ఇఫ్రా మోకాలి పక్కన చర్మాన్ని వేలితో తడిమింది. "ఇక్కడ సూదులు వేయించుకున్నావా?"

"బలం సూదులు మేడం. పెద్ద మ్యాచ్‌లకు ముందర సార్ తీసుకుపోయి వేయించేటోడు."

"బలం సూది మోకాట్లోకి వేయరమ్మా" అంది డాక్టరు. "అవి నొప్పి తెలియకుండా చేసేవి. పదే పదే వేస్తే మిగిలిన గుజ్జును కూడా తినేస్తాయి."

చివరికి డాక్టరు దాచకుండా చెప్పింది. ఆపరేషన్ చేస్తే లిగమెంట్ కట్టచ్చు. పోయిన గుజ్జు తిరిగి రాదు. కబడ్డీ ఇక లేదు. మొండికేసి ఆడితే నలభై నిండకముందే కీలు తీసి ఇనుప కీలు పెట్టాల్సి వస్తుంది. "రేపేదో సెలెక్షన్ ఉందన్నావు. ఆ మాట మరిచిపో" అని ఫిల్మును కవరులో పెట్టి ఇచ్చింది.

బయట ఎండ కొరడా పట్టుకుని నిలబడింది. ఆసుపత్రి అరుగు మీద ఇఫ్రా కూలబడింది. కృప పక్కన కూర్చుంది.

వీళ్లిద్దరూ యాడికి బడిలో ఒకే బెంచీ. ఊరి బయట వంకలో నీళ్లు చూసిన గుర్తు ఇద్దరికీ లేదు, ఇసుకే. ఆ ఇసుకలో పొద్దున్నే చెప్పులు విప్పేసి పరిగెత్తేవాళ్లు. ఇఫ్రా ముందు, కృప వెనక. ఒక్కనాడూ కృప ఆమెను దాటింది లేదు. జిల్లా పోటీల్లో ఇఫ్రా పరుగు చూసి, ఈ పిల్ల ఎక్కడికో పోతుందని అందరూ అన్నారు. ఆ ఏడే ఎర్రిస్వామి బడికి వచ్చాడు. కబడ్డీ హాస్టల్ పెడుతున్నానని, కూతకు ఊపిరి ఉన్న పిల్ల కావాలని ఇఫ్రాను అడిగాడు. ఇఫ్రా ఏడ్చింది, నేను పరుగే పరిగెత్తుతానని. నాయన రంజాన్ ఆమె సంచి సర్ది హాస్టల్లో వదిలి వచ్చాడు.

"నీ మోకాళ్లు ఎంత బాగుండాయే" అంది ఇఫ్రా.

"బాగుండి ఏం చేసినా?" కృప కళ్లు తుడుచుకుంది. "పరుగు నాకు కూడు పెట్టలేదు. పొద్దంతా మిషన్ తొక్కతాండా. నువ్వన్నా రైల్వేలో చేరితే, మన వంకలో పరిగెత్తిన పిల్ల అని చెప్పుకోవాలనుకున్నా."

ఇఫ్రా లేచింది. "నన్ను హాస్టల్ కాడ దించు."

"ఏంటికి? ఇంటికి పోదాం పా."

"దించు కృపా."

ధర్మవరం రోడ్డులో ఉంది ఎర్రిస్వామి హాస్టల్. రేకుల షెడ్డు, ముందర మట్టి కోర్టు, చుట్టూ కంపచెట్లు. కృపకు గార్మెంట్స్‌లో సగం పూటే సెలవు. స్కూటీ మీద ఇఫ్రాను గేటు దగ్గర దించి వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్లిపోయింది.

కోర్టులో చిన్నపిల్లలు కూత పెడుతున్నారు. ఎర్రిస్వామి ఎత్తు కుర్చీలో కూర్చుని, వేడినీళ్లలో ముంచిన తువ్వాలు మోకాళ్ల మీద కప్పుకుని చూస్తున్నాడు. ఒకప్పుడు రాష్ట్రం తరఫున ఆడిన మనిషి. ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేడు.

"ఏమ్మే, నడిచొచ్చినావా? శభాష్. రేపటికి సరిపోతావు ఇంగ."

"ధర్మవరంలో నాకేమైంది సార్?"

ఎర్రిస్వామి మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది గానీ కళ్లలోంచి మాత్రం జారిపోయింది. పిల్లల్ని నీళ్లు తాగి రమ్మని షెడ్డులోకి పంపాడు.

"బెణికింది. ఆ పొద్దే చెప్పినా కదా."

"లిగమెంట్ తెగిండాదంట. రెండేండ్ల కిందటే తెగిండాదంట. ఎముకల డాక్టరమ్మ చూసి చెప్పింది. మీకు తెలుసునా లేదా?"

"నిన్ను డాక్టరు కాడికి ఎవురు పొమ్మన్నారు?"

"తెలుసునా లేదా సార్?"

ఎర్రిస్వామి తువ్వాలు తీసి బకెట్లో వేశాడు. వాచి, వంకర తిరిగిన మోకాళ్లు రెండూ బయటపడ్డాయి. "తెలుసు" అన్నాడు.

కాదంటాడని, డాక్టరమ్మకు ఏం తెలుసంటాడని ఎక్కడో ఒక మూల ఆశ ఉండింది ఇఫ్రాకు. గోడ పట్టుకుంది.

"నొప్పి నాకు తెలీకుండా సూదులు వేయించినారు. సరే. సంగతి కూడా తెలీకుండా ఏంటికి చేసినారు సార్? మోకాలు నాది కదా?"

"చెప్పుంటే ఏం చేసుందువు?"

"నా మోకాలి గురించి నేను ఏడ్చుకుని ఉందును."

"ఏడ్చి?" ఎర్రిస్వామి గొంతు పెరిగింది. "ఆపరేషన్ అంటే ఏడాది మంచం. ఆమీట ఆడతావో ఆడవో దేవునికెరుక. ఆడని పిల్లకు ఈడ జాగా లేదు ఇఫ్రా. ఈ హాస్టల్‌కు బియ్యమిచ్చేవాళ్లు కప్పులు చూసి ఇస్తారు. నిన్ను ఇంటికి పంపించాల్సి వస్తాండె. పోయి ఏం చేస్తావు? మీ నాయన మాదిరి బండల ఫ్యాక్టరీలో దుమ్ము మింగతావు. నేను నిన్ను రైల్వే గడప దాకా తెచ్చినా. తెచ్చినానా లేదా?"

"తెచ్చినారు. గడప దాటేదానికి కాలు లేకుండా తెచ్చినారు."

ఎర్రిస్వామి చూపు తిప్పుకున్నాడు. "నా మోకాళ్లు సూడు. నాకు కూడా ఎవురూ చెప్పలా. పడినా, లేసినా, ఆడినా. ఆట అంటే ఇంతే అనుకున్నా."

"మీకు ఎవురూ చెప్పలేదని నాకు మీరు చెప్పలేదా?"

ఎర్రిస్వామి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ఇఫ్రా ముందుకు వంగి చెయ్యి అందించబోయింది. సగంలో ఆపేసింది.

"నన్నొక్కన్నే నిలేస్తాండావు" అన్నాడు ఎర్రిస్వామి. "ఆ పొద్దు ధర్మవరంలో నిన్ను బయట కూర్చోబెట్టి డాక్టరు చెప్పినప్పుడు నేనొక్కన్నే లేను. పక్క కుర్చీలో మీ నాయన ఉండె. పాపకు ఏమని చెప్పల్లన్నా అని నేనే అడిగినా. ఇంటికి పోయి మీ నాయన్ని అడుగు, ఏమన్నాడో."

యాడికి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇఫ్రా కళ్లు బయటే ఉన్నాయి గానీ ఏదీ కనపడలేదు. శెనక్కాయ చేన్లు ఈసారి కూడా ఎండిపోయాయి. పీకితే కూలి కూడా గిట్టదని గొర్రెలకు వదిలేశారు. ఒక చేను తర్వాత ఇంకో చేను అదే తీరు. కండక్టరు ఊరి పేరు రెండుసార్లు అరిస్తే గానీ ఆమె లేవలేదు.

సార్ అబద్ధం చెప్పాడనే అనుకుంది దారంతా. నాయన అట్లాంటివాడు కాదు. నాయన ప్రతి కప్పునూ బట్టతో తుడిచి గూట్లో పెట్టుకునే మనిషి. ఆమె ఆట ఎక్కడున్నా ఫ్యాక్టరీ సెలవు పెట్టి, జుట్టులో తెల్లదుమ్ముతోనే వచ్చి జనం వెనక నిలబడే మనిషి.

ఇంటి ముందర రంజాన్ నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. లోపల తల్లి రహమత్‌బీ చిన్నకూతురు ఫరీదాకు తల దువ్వుతోంది. ఫరీదా ఎనిమిదో తరగతి. ఎందుకో కొత్త గౌను వేసుకుంది. ఇఫ్రాకు అవేవీ పట్టలేదు. వచ్చి నాయన ఎదురుగా నిలబడింది.

"నా లిగమెంట్ తెగిందని నీకు తెలుసునా నాయనా?"

రంజాన్ తల ఎత్తాడు. అడిగే రోజు వస్తుందని ఎదురుచూస్తున్నవాడిలా చూశాడు. ఏమీ బుకాయించలేదు.

"తెలుసు పాపా."

లోపల దువ్వెన ఆగింది.

"నువ్వే చెప్పద్దన్నావా?"

"నేనే చెప్పద్దన్నా."

ఇఫ్రా అరవలేదు. అరవడానికి ఊపిరి మిగల్లేదు. "ఏంటికి?" అంది.

రంజాన్ తన అరచేతులు చూసుకున్నాడు. బండల అంచులకు కోసుకుపోయి గట్టిపడిన చేతులు.

"నువ్వు చిన్నప్పుడు బడిలో పరిగెత్తి పడిపోయినావు, గుర్తుండాదా? నన్ను పిలిపించినారు. నువ్వు బెంచీ మీద పడుకోనుండావు, మొహం పాలిపోయి. పాప పొద్దున ఏమి తినిందప్పా అని అయివారు అడిగినాడు. నీళ్లు తాగి వచ్చిందని చెప్పల్ల నేను. నోరు రాలా. తలకాయ దించుకోని నిలబడినా." రంజాన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ ఏడు చేన్లో ఏమీ రాలా. ఫ్యాక్టరీ కూడా మూసిండ్రి. వట్టి కడుపుతో పరిగెత్తేదానివి నువ్వు. అందరూ మెచ్చుకుంటాంటే నాకు దడగా ఉండేది. అప్పుడే సార్ వచ్చినాడు. హాస్టల్లో మూడు పూటలా తిండి, గుడ్డు, పాలు అన్నాడు. పరుగో కబడ్డీయో నాకేం తెలుసు? నాకు గుడ్డు ఒక్కటే వినపడింది."

"అది అప్పటి మాట నాయనా. ధర్మవరం కాడ పడినప్పుడు?"

"అప్పుడూ అదే. ఆడకపోతే ఇంటికి పంపిస్తామన్నారు. ఇంటికొస్తే ఏం పెట్టల్ల నీకు? డాక్టరు మోకాలు అరుగుతాది అన్నాడు. అరిగితే అరగనీలే, ఎప్పుడో ముసలైనాక కదా, అందరికీ అరుగుతాయి అనుకున్నా. ఇంత బిన్నా, చిన్న వయసులోనే అరుగుతాదని నాకు తెలీదు పాపా. అల్లా మీద ఒట్టు, తెలీదు."

ఇఫ్రా మెల్లగా మంచం అంచున కూర్చుంది. కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. హాస్టల్లో మొదటి రోజు తను తిన్న అన్నం గుర్తొచ్చింది. రెండోసారి పెట్టించుకున్నా ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి పరుగు గురించి ఏడవలేదు తను. కడుపు నిండి పడుకుంది. ఆ అన్నమే ఇప్పుడు మోకాట్లో గరగరమంటోంది. నాయన మీద కోపమొస్తే తిట్టచ్చు. ఈ సంగతిని ఎవరిని పట్టుకుని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

"రేపు నేను ఆడలేను నాయనా. ఇంగ ఎప్పుడూ ఆడలేను."

రంజాన్ తలూపాడు. "సార్ ఫోన్ చేసినాడు, నువ్వు బయల్దేరినాక. డాక్టరు కాడికి పోయొచ్చింది రంజానన్నా, ఇంగ ఆ పాప మీద నమ్మకం లేదు అన్నాడు." ఆగాడు. రహమత్‌బీ గడపలోకి వచ్చి, మొగుడు చెప్పలేని మాట తను చెప్పింది.

"ఫరీదాను పంపమన్నాడు. హాస్టల్లో జాగా ఖాళీ అయితాంది కదా, చెల్లెలికి కూడా ఊపిరి బాగుండాది అన్నాడు. సాయంత్రం వ్యాన్ తెస్తానన్నాడు."

అప్పుడు చూసింది ఇఫ్రా, ఆ కొత్త గౌనును. గోడ పక్కన సర్దిపెట్టిన సంచిని. కాలు మరిచిపోయి లేచింది. మోకాలు జారింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఇప్పుడే కదా నాయనా చెప్పినావు, తెలీక చేసినా అని! ఇప్పుడు తెలుసు కదా!"

"తెలుసు" అన్నాడు రంజాన్. "తెలిసి ఏం చెయ్యల్ల? ఇంట్లో పిండి డబ్బా తెరిచి సూడు పాపా. ఫ్యాక్టరీ మళ్లీ మూసినారు, పోయిన నెలలోనే. నీకు చెప్పలా, సెలెక్షన్ ముందర ఏంటికిలే అని."

"ఫరీదా పోదు."

"నేను పోతా" అంది ఫరీదా.

అందరూ ఆమె వైపు తిరిగారు. పదమూడేళ్ల పిల్ల. సన్నని మెడ, ఆ మెడ మీద మొండిగా ఎత్తిన తల. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"నీకు తెలీదే. నీ కాలు కూడా నా మాదిరే..."

"నువ్వు పోలేదా? నువ్వు సెలవులకు వచ్చినప్పుడు నీ బుగ్గలు చూసి అందరూ నీ మాదిరే నేనూ కావల్లన్నారు. నీ చెప్పులు, నీ ట్రాక్‌సూట్, అన్నీ నీవే. నాకు నీ పాత గౌన్లు." ఫరీదా ముక్కు ఎగబీల్చింది. "నీ కాలు పోయిందని నా కాలు కట్టేస్తావాక్కా?"

ఇఫ్రాకు చెల్లెల్ని దగ్గరికి లాక్కోవాలనిపించింది. పొద్దున డాక్టరమ్మ చేసినట్టు ఆ పిల్ల అరచేతిని తీసుకుని తన మోకాలి మీద పెట్టాలనిపించింది. కానీ అది తెలిసి ఫరీదా ఏం చెయ్యాలి? తెలిసి నాయన ఏం చేశాడు?

వీధి మలుపులో హారన్ మోగింది. తెల్ల వ్యాన్ దుమ్ము లేపుకుంటూ వచ్చి ఇంటి ముందర ఆగింది. ఎర్రిస్వామి ముందు సీట్లోంచి ఒక్కొక్క కాలూ చేతులతో ఎత్తి పెట్టుకుంటూ దిగాడు. ఇఫ్రాను చూసి ఆగాడు. ఈ పాటికి ఆమెకు అంతా తెలిసిపోయిందని ఆయనకు అర్థమైనట్టుంది. కళ్లు కలపలేదు.

"పాప తయారేనా రంజానన్నా?" అన్నాడు.

"సార్" అంది ఇఫ్రా. "రేపు నేను ఆడతా."

ఎర్రిస్వామి ఆమె మోకాలి పట్టీ వైపు చూశాడు.

"ఆడతావా? ఆ మోకాలితోనా?"

"సూది వేయించండి. ఇన్నాళ్లూ నాకు తెలీకుండా వేయించినారు. రేపు తెలిసే వేయించుకుంటా. రేపొక్క పొద్దు నిలబడితే చాలు కదా? నాకు ఉద్యోగం వస్తే ఇంట్లో అందరూ తింటారు. ఫరీదా ఈడే ఉంటాది. బడికి పోతాది."

"అక్కా!" అంది ఫరీదా.

"వద్దు పాపా" అంటూ రహమత్‌బీ వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "ముప్పై రాకుండానే చంకలో కర్ర పెట్టుకోని తిరుగుతావా? పెండ్లి, పిల్లలు, నమాజుకు వంగల్ల, లేవల్ల..."

"సూదితో నిలబడతావనే అనుకుందాం" అన్నాడు ఎర్రిస్వామి మెల్లగా. ఆ గొంతులో మొదటిసారి కోచ్ కాకుండా ఇంకెవరో మాట్లాడినట్టుంది. "ఆడ ఎవురన్నా నీ కాలు పట్టి తిప్పినారంటే, ఇంగ లేవవు. నేను అబద్ధం చెప్పను ఈసారి. ఎంపిక కావచ్చు. కాకపోవచ్చు. ఉద్యోగం రాకపోగా కాలు కూడా పోవచ్చు."

"తెలుసు సార్."

ఎర్రిస్వామి వ్యాన్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. డ్రైవరు ఇంజన్ ఆపలేదు. రేకుల పైన పొద్దు వాలుతోంది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారు.

"గుత్తి కాడ రోడ్డు రెండుగా చీలతాది" అన్నాడు. "పెద్ద పాప ఎక్కితే గుంతకల్లుకు పోతాం. చిన్న పాప ఎక్కితే అనంతపురం మీద హాస్టల్‌కు పోతాం. నా వ్యాన్లో జాగా ఇద్దరికీ ఉండాది. కానీ పోయేది ఒక్క దిక్కుకే, అది నేను ఎంచను. ఆ పొద్దు డాక్టరు కాడ నువ్వు చెప్పినావు, నేను విన్నా. పాపం ఇద్దరిదీ. ఈ పొద్దు కూడా నువ్వే చెప్పు రంజానన్నా. ఎవురు ఎక్కల్ల?"

"నాయనా, నన్ను పంపు" అంది ఇఫ్రా.

"నన్ను పంపు నాయనా" అంది ఫరీదా.

రంజాన్ మంచం మీంచి లేచాడు. పెద్దకూతురి మోకాలికి చుట్టిన పట్టీని చూశాడు. చిన్నకూతురి సన్నటి కాళ్లను చూశాడు. ఎవరి మొహమూ చూడకుండా, వ్యాన్ చక్రం వైపు చూస్తూ ఒక పేరు చెప్పాడు.